ఆచార్యుఁడు, రాజ్యపాలుఁడు: జాకీర్ హుస్సేన్ చరిత్ర విచారము

సికింద్రాబాదున కుత్తరముగా నున్న బొల్లారము చరిత్రజ్ఞులకుఁ గ్రొత్త ప్రదేశము కాదు. పందొమ్మిదవ శతాబ్దియందు హైదరాబాదు కాంటింజెంటు దళములకు నిది నివాసస్థానము. 1855 లో నిచ్చటి యాశ్వికులు తిరుగఁబడి తమ సేనాపతియగు మెకంజీని దీవ్రముగా గాయపఱచిరి. 1948 లో సంస్థానము భారతదేశమునఁ గలియుటకు ముందు భారతప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన మున్షీగారు విడిసినదియు నిచ్చటనే. ఈ బొల్లారమున 1860 లో నిర్మింపఁబడిన యొంటి యంతస్తు భవనము కలదు. అది యాంగ్లేయుల కాలమున రెసిడెంటునకు విడిదియై, పిదప భారతప్రభుత్వ వశమై, రాష్ట్రపతినిలయ మను పేరఁ బరఁగుచున్నది. రాష్ట్రపతులు దక్షిణదేశమునకు వచ్చినపుడు విడియుట కేర్పడిన యీ గృహము 2023 నుండి సంవత్సరము పొడుగునను బ్రజలకుఁ జూచుటకై తెఱచి యుంచఁబడుచున్నది.

నేను చిరకాలముగా నిచ్చటి యొక పాఠశాలయందుఁ దెలుఁగును సంస్కృతమును బోధించుచున్నవాఁడను. ఒకనాఁడు విద్యార్థులను గొందఱ నా భవనమును జూపుటకుఁ గొనిపోయితిని. రాజేంద్రప్రసాదుగారు మొదలుగా రాష్ట్రపతుల నామములను వరుసగాఁ జెప్పుచుండఁగా నొక బాలుఁడు, "అయ్యవారూ, వీరిలో మన హైదరాబాదునఁ బుట్టినవా రెవరైనఁ గలరా?" యని యడిగెను. "కలరు. మూఁడవ రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగా రీ నగరముననే జన్మించిరి" అంటిని. "రాష్ట్రపతి కాకముం దాయన యేమి చేయుచుండెను?" "ఉపరాష్ట్రపతి, దానికి ముందు బీహారునకు గవర్నరు." "దానికిని ముందు?" "బడిపంతులు." బాలుఁడు నవ్వి, "అయ్యవార్లు గూడ గవర్నరు లగుదురా?" యనెను. తోడి బాలురు నవ్విరి, నేనును నవ్వితిని. కాని యా నవ్వులో నొక నమ్మకము దాఁగి యున్నది. బడిపంతులుదనము క్రింది మెట్టనియు, గవర్నరుపదవి మీఁది మెట్టనియు, ఒకదానినుండి రెండవదాని కెక్కుట వింతయనియు లోకులు తలంతురు. ఆ తలంపు సరియైనదేనా యని యీ పురుషుని చరిత్రమును బట్టి విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

పదవిచారము

వ్యాకరణము చదివినవాఁడను గాన ముందుగాఁ బదములను బరిశీలింతును. గవర్నరను నాంగ్లేయపదము లాటినుభాషలో నావ నడపువానిని దెలుపు పదమునుండి వచ్చినది. మన భాషలో నట్టివానికిఁ గర్ణధారుఁడని పేరు. హిందీభాషలో నీ పదవికి వాడఁబడుచున్న రాజ్యపాలశబ్దమునందలి పాలధాతువునకు రక్షించుట యర్థము, ఏలుట గాదు. గోపాలుఁడు గోవులను గాచువాఁడే కాని గోవులపై నధికారము చెలాయించువాఁడు గాఁడు గదా. ఇఁక నాచార్యశబ్దమునకు యాస్కమహర్షి మూఁడు విధముల నిర్వచనము చెప్పెను. ఆచారమును గ్రహింపఁజేయువాఁడు, అర్థములను గూడఁబెట్టువాఁడు, బుద్ధిని గూడఁబెట్టువాఁడు అని వాని తాత్పర్యము. ఈ మూఁడర్థములును జాకీర్ హుస్సేనునందు సార్థకములైనవని నా యభిప్రాయము. మఱియు నాచార్యుఁడుగా నుండఁగా నాయన సంపాదించినదే రాజ్యపాలుఁడైనపు డాయనకు నుపకరించెను గాని, రాజ్యపాలపదవి యాయన కేమియుఁ గ్రొత్తగా నీయలేదని నిరూపింపఁదలఁచితిని.

తెలుఁగువారిలో గవర్నరు లైనవారు పలువురు కలరు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1952 నుండి 1957 వఱకు మధ్యప్రదేశమునకును, బూర్గుల రామకృష్ణారావుగారు 1956 నుండి 1962 వఱకుఁ గేరళమునకును బిదప నుత్తరప్రదేశమునకును గవర్నరులై యుండిరి. పట్టాభిగారు వైద్యులు, రామకృష్ణారావుగారు న్యాయవాదులు, బహుభాషాపండితులు. విద్యాబోధనమునే వృత్తిగాఁ గొని, దానియందే నడివయస్సు గడపి, యా పిమ్మట రాజ్యపాలత్వమును వహించినవాఁడు మన సీమలోఁ బుట్టినవారిలో జాకీర్ హుస్సేనే. ఆయన తెలుఁగువాఁడు గాఁడు. ఉర్దూ మాతృభాషగాఁ గలవాఁడు. అయినను మన నేలఁ బుట్టినవాఁడు. ఆయన కృతు లుర్దూలోను నాంగ్లేయములోను నుండుటచే మన పాఠశాలలలో నాయన పేరు జాబితాలలో మాత్రమే మిగిలినది.

జననము, బాల్యము

జాకీర్ హుస్సేను 1897 ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. వంశస్థానమును జన్మస్థానముగాఁ బొరపడుటకు నిచట నవకాశము కలదు. ఆయన పూర్వులు ఆఫ్రీదీ పఠానులు. సంయుక్తప్రాంతములలో ఫరూఖాబాదు మండలమందలి కాయంగంజ్ వారి నెలవు. తండ్రియగు ఫిదా హుస్సేన్ ఖాను హైదరాబాదునకు వచ్చి న్యాయవాదవృత్తి నవలంబించి చక్కఁగా నార్జించెను. ఆయన కేడ్వురు కుమారులు. వారిలో జాకీరు మూఁడవవాఁడు. 1907 లో, జాకీరునకుఁ బదియేండ్ల ప్రాయమునఁ దండ్రి మరణింపఁగాఁ గుటుంబము కాయంగంజునకు మరలిపోయెను. 1911 లోఁ దల్లియుఁ దెవులుపడి ప్లేగుచే మరణించెను. కావున హైదరాబాదు నాయనకు మిగిలినది బాల్యస్మృతి మాత్రమే. అయినను నా సంబంధము వంశమునఁ దెగిపోలేదు. తమ్ముఁడగు యూసుఫ్ హుస్సేన్ ఖాను పెక్కేండ్లు ఉస్మానియా విశ్వవిద్యాలయమునఁ జరిత్రాచార్యుఁడై యుండెను.

తల్లిదండ్రులు లేని బాలునకు విద్యాలయమే యిల్లయ్యెను. ఇటావాలోని యిస్లామియా ఉన్నతపాఠశాలయు, దాని ప్రధానోపాధ్యాయుఁడగు అల్తాఫ్ హుస్సేనును జాకీరునకు నియమమును మితవ్యయమును నేర్పిరి. ఒక మంచి యుపాధ్యాయుని నీడఁ బెరిగిన యనాథబాలుఁడు తానును నుపాధ్యాయుఁడు గాఁ గోరుట సహజమే. తొలుత వైద్యము నభ్యసింపఁదలఁచి విజ్ఞానశాస్త్రములను జదివెను గాని యస్వస్థతచే దానిని మాని, ఆలీగఢమునందలి కళాశాలలోఁ జేరి యర్థశాస్త్రమును జదివెను.

జాతీయవిద్యాలయము

1920 అక్టోబరు మాసమున గాంధిమహాత్ముఁడు ఆలీ సోదరులతోఁ గూడి యాలీగఢమునకు వచ్చి, ప్రభుత్వపు సాయముతో నడచు కళాశాలను విడువుఁడని విద్యార్థులకు బోధించెను. అప్పటికి జాకీరు పైతరగతి విద్యార్థి. కొంత బోధనమును జేయుచుండెను. విడుచుట సులభము, విడిచి యెచ్చటికిఁ బోవలయు ననునది ప్రశ్న. జాకీరును నాతని మిత్రులును హకీం అజ్మల్ ఖాను మున్నగు పెద్దల యొద్దకుఁ బోయి, జాతీయవిద్యాలయ మొకటి స్థాపించినచో విద్యార్థులును నుపాధ్యాయులును గొందఱు కళాశాలను విడిచి వత్తురని విన్నవించిరి. 1920 అక్టోబరు 29వ తేదీన జామియా మిలియా ఇస్లామియా యను విద్యాలయ మాలీగఢముననే వెలసెను. అజ్మల్ ఖాను దానికిఁ గులపతి. మౌలానా మహమ్మదాలీ తొలి యుపకులపతి.

ఇట్టి ప్రయత్నము మన యాంధ్రదేశమునఁ బదియేండ్లు ముందే జరిగినదని పండితు లెఱుంగుదురు. 1910 లో మచిలీపట్టణమునఁ గోపల్లె హనుమంతరావుగారు పట్టాభి సీతారామయ్యగారితోను ముట్నూరి కృష్ణారావుగారితోను గూడి యాంధ్రజాతీయ కళాశాలను స్థాపించి, చదువుతోఁ జేతిపనిని జేర్చిరి. రెంటికిని నాశయ మొక్కటే. రెంటికిని గష్టమును నొక్కటే. ఆవేశమున వెలసిన సంస్థ యావేశము చల్లారిన పిదప నెట్లు నిలుచును?

జామియాకు నీ పరీక్ష త్వరలోనే వచ్చెను. 1922 లో సహాయనిరాకరణము నిలిపివేయఁబడెను. 1924 లోఁ దురుష్కదేశమున ఖలీఫాపదవి రద్దు కాఁగా ఖిలాఫతు నిధులును నింకిపోయెను. 1925 లో విద్యాలయము ఢిల్లీకిఁ దరలింపఁబడెను. మూసివేయుద మని పలువు రనిరి. అప్పుడు జాకీర్ హుస్సేను బెర్లిను విశ్వవిద్యాలయమున సోంబార్ట్ అను నాచార్యుని యొద్ద నర్థశాస్త్రమున నుండెను. బ్రిటిషు ఇండియాయందలి వ్యవసాయవ్యవస్థ యాయన పరిశోధనవిషయము. అచ్చట నుండఁగనే కావియానీ ముద్రాలయమున గాలిబు కవి దివానును జక్కగా నచ్చు వేయించెను. దానికై తానును గొంత యక్షరముల కూర్పు చేసె నని చెప్పుదురు. కెర్షెన్‌స్టైనరను జర్మను విద్యావేత్త చేతిపనిమూలమున బుద్ధివికాసము గలిగించు పాఠశాలను గుఱించి వ్రాసిన సిద్ధాంతములు నప్పుడే యాయన మనస్సున నాఁటెను. విద్యాలయమును మూసివేయుదురను వార్త విని యాయనయు, మిత్రులగు ఆబిద్ హుస్సేను, మహమ్మదు ముజీబు లును దాము వచ్చి సేవ చేయుదుమనియు, అంతవఱకు దానిని నిలుపవలయుననియు వర్తమాన మంపిరి. 1926 లో మువ్వురును వచ్చిరి. ఇరువదితొమ్మిదియేండ్ల జాకీర్ హుస్సేను ఉపకులపతి యయ్యెను. ఆ పదవియందు 1948 వఱకు నుండెను.

ఆచారమును గ్రహింపఁజేయుట

1927 డిసెంబరులో నజ్మల్ ఖాను మరణించుటతో ధనమునకు మూలమే పోయెను. 1928 లో నుపాధ్యాయులు కొంద ఱొక సంఘముగా నేర్పడి యిరువదియేండ్లు జామియాను సేవింతుమనియు, నెలకు 150 రూప్యములకు మించి జీతము గ్రహింపమనియుఁ బ్రతిజ్ఞ చేసిరి. ఆ 150 రూప్యములును బలుమాఱులు చేతి కందెడివి కావు. యూరపుదేశమునఁ బట్టము పొందినవారు ప్రభుత్వ కళాశాలలలోఁ దత్కాలమున నందుకొను జీతములతోఁ బోల్చినచో నీ ప్రతిజ్ఞ యెంత గొప్పదో తెలియును. ఇట్టివానిని త్యాగమని పొగడి యూరకుండుట చాలదు. ఉపాధ్యాయునకు జీతమీయని సమాజమును బొగడఁదగదు. అయినను దాము మూసివేసినచో మఱియెవ్వరును దెఱవరను నెఱుకతో వారట్లు చేసిరి. ఇరువదియేండ్లు మాట నిలుపుకొనిరి.

జామియా ప్రాథమికపాఠశాలలో బాలురే యంగడి నడపిరి, బ్యాంకు లెక్కలు వ్రాసిరి, తమ సభలను దాము నడపుకొనిరి. జాకీర్ హుస్సేను పిల్లలకై కథలు వ్రాసెను. వానిలో అబ్బూఖాను మేఁక కథ మిక్కిలి ప్రసిద్ధము. ప్లేటో రచించిన రిపబ్లికు నుర్దూలోనికిఁ దెచ్చిన చేయియే మేఁకకథను వ్రాసినదనుట యాయన స్వభావమును దెలుపును. విద్యార్థులు మాసిన చెప్పులతో వచ్చుచుండఁగా నుపకులపతియే ద్వారమునొద్దఁ గూర్చుండి, కుంచెయు మెఱుఁగును జేతఁబట్టి వారి చెప్పులను దుడువఁ జొచ్చెననియు, ఆ మఱునాఁటినుండి మాసిన చెప్పులు కానరాలేదనియు నొక కథ చెప్పుకొందురు. ఇట్టి కథలు చరిత్రకారునకుఁ బ్రమాణములు గావు. అయినను లోకము నియంతలను గుఱించి యట్టి కథలు కల్పింపదు. ఒకనిని గుఱించి యెట్టి కథలు పుట్టునో దానిని బట్టి వాఁ డెట్టివాఁడో కొంత యూహింపవచ్చును.

ప్రమాణసిద్ధమైన దొకటి చెప్పెదను. 1935 మార్చి 1వ తేదీన ఢిల్లీ శివారునందలి ఓఖ్లాలో జామియా సొంతభవనమునకు శంకుస్థాపనము జరిగెను. అట్టి కార్యమునకు రాజునో, రాజప్రతినిధినో, మహానాయకునో పిలుచుట లోకాచారము. జామియావారు తమ విద్యార్థులలో నందఱికంటెఁ జిన్నవానిచేత నా శిలను నిలిపించిరి. విద్యాలయ మెవరిదను ప్రశ్నకు నింతకంటె స్పష్టమైన సమాధానము లేదు. యాస్కుని మొదటి నిర్వచనమునకు, ఆచారమును గ్రహింపఁజేయుటకు, నిదియే యుదాహరణము. ఆచారము మాటలచేఁ గాక చేఁతలచే గ్రహింపఁబడును.

అర్థములను గూడఁబెట్టుట

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాయందు గాంధీజీ యధ్యక్షతను జాతీయవిద్యాసభ జరిగెను. దాని తీర్మానముల ననుసరించి పాఠ్యప్రణాళికను సిద్ధపఱచుట కేర్పడిన సంఘమునకు జాకీర్ హుస్సేను అధ్యక్షుఁడు; వినోబా, కాకా కాలేల్కరు, కుమారప్ప, ఆర్యనాయకము, సైయిదైన్ మున్నగువారు సభ్యులు. ఏడేండ్ల యుచితనిర్బంధవిద్య, మాతృభాషలో బోధనము, ఒక చేతిపనిని గేంద్రముగాఁ జేసి దానితో నితరవిషయముల నల్లుట యనునవి దాని ముఖ్యాంశములు. ఆ సంవత్సరము డిసెంబరులోనే నివేదిక వెలువడెను. 1938 లో హరిపురా కాంగ్రెసు దాని నామోదించెను.

విద్యార్థులు చేయు వస్తువుల విక్రయముచే విద్యావ్యయము గడచిపోవలయు నని గాంధీజీ కోరెను. సంఘాధ్యక్షుఁడు గాంధీజీయెడ నెంత భక్తి గలవాఁడైనను నీ విషయమునఁ దన సందేహమును దాఁచలేదు. ఉపాధ్యాయులు రాబడిపైఁ దృష్టి నిలిపి బాలుని వికాసమును మఱచు నపాయము కలదని నివేదికయందే హెచ్చరింపఁబడినది. గురువుపై గౌరవ ముంచియు గురువాక్యమును బరీక్షించుట మన శాస్త్రకారుల సంప్రదాయము. పాణినిని సేవించుచునే కాత్యాయనుఁడు వార్తికములను వ్రాసెను గదా. తరువాతి దశాబ్దులలో నా విద్య పలుచోటుల వట్టి రాట్నపు తంతుగా మాఱఁగా నాయన తన నిరాశను బహిరంగముగాఁ జెప్పుటకును సంకోచింపలేదు. తాను గట్టిన యింటిలోని బీఁటలను దానే చూపఁగలవాఁడు సత్యవాది.

మాతృభాషాబోధనము మన సీమకు మిగులఁ బ్రస్తుతమైన విషయము. జాకీర్ హుస్సేను నాలుగేండ్ల బాలుఁడై హైదరాబాదున నుండఁగా, 1901 లో, ఆ నగరముననే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1918 లో స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ముర్దూలోఁ బై చదువులను జెప్పి దేశభాషలకు శాస్త్రముల నందింపవచ్చునని నిరూపించినది. కాని సంస్థానమున నధికసంఖ్యాకులగు తెలుఁగు బాలురకు నుర్దూ పరభాషయే. ఏ న్యాయముచే నుర్దూబాలున కుర్దూ కావలయునో యా న్యాయముచేతనే తెలుఁగుబాలునకుఁ దెలుఁగు కావలయును. వార్ధానివేదిక యీ న్యాయమును దేశమున కంతటికిని సమానముగాఁ జెప్పినది. హైదరాబాదునఁ బుట్టిన యుర్దూపండితుఁడు దానిపైఁ జేవ్రాలు చేయుట మనకు స్మరణీయము.

సంక్షోభకాలము

1946 నవంబరులో జామియా రజతోత్సవము జరిగెను. దేశమున మతకలహములు మండుచుండిన కాల మది. ఒకరి ముఖ మొకరు చూడ నొల్లని నెహ్రూ, జిన్నా లిరువురు నా సభావేదికపైఁ గూర్చుండిరి. జాకీర్ హుస్సేను వారి యెదుట, ఈ ద్వేషాగ్నిలోఁ బసిపిల్లలకు విద్య చెప్పుట యెట్లని యడిగి, మంట లార్పుఁడని వేఁడుకొనెను. ఆ మంట లారలేదు. 1947 లోఁ గాశ్మీరమునకుఁ బోవుచు జలంధరు రైలు స్టేషనున నల్లరిమూఁక చేతఁ బడి చావు తప్పి బయటపడెను. ఆయనను గాపాడినవారు సిక్కుసైనికోద్యోగి యొకఁడును హిందువగు రైలు ఉద్యోగి యొకఁడును. ఢిల్లీకి మరలినపిదప నాయన పగను గుఱించి మాటాడలేదు. శరణార్థుల సేవకును బాఠశాలకును మరలెను.

1948 లో నాలీగఢ విశ్వవిద్యాలయమున కుపకులపతి యయ్యెను. ఉపాధ్యాయులు పలువురు పాకిస్తానమునకుఁ బోయిరి. ఉన్నవారిపై ననుమానములు వ్యాపించినవి. ఇరువదియెనిమిదియేండ్లకు ముందు తాను విడిచి వచ్చిన విద్యాలయమును నిలువఁబెట్టుటకుఁ దానే మరలఁ బోవలసివచ్చెను. 1956 వఱకు నా భారమును మోసెను. ఈ నడుమ 1948, 1949 లలో సర్వేపల్లి రాధాకృష్ణగారి యధ్యక్షతను విశ్వవిద్యాలయములను బరిశీలించిన సంఘమున సభ్యుఁడుగా నుండెను. రాధాకృష్ణగా రంతకుముందు 1931 నుండి 1936 వఱకు నాంధ్రవిశ్వవిద్యాలయమున కుపాధ్యక్షులై యుండిన సంగతి మన మెఱుంగుదుము. ఆ సంఘమున నధ్యక్షుఁడును సభ్యుఁడును నగు నీ యిరువురుపాధ్యాయులే కాలక్రమమున నొకరి వెనుక నొకరు రాష్ట్రపతులై బొల్లారపు నిలయమున పేరుల వరుసకెక్కిరి.

రాజ్యపాలత్వము

1957 జూలై 6వ తేదీన జాకీర్ హుస్సేను బీహారునకు గవర్నరయ్యెను. 1962 మే వఱకు నుండెను. బీహా రాయనకుఁ దగిన క్షేత్రము. వార్ధాపద్ధతిని 1939 లోనే చంపారణ్యమునఁ బ్రయోగించి చూచిన ప్రాంత మది. ఆయన కాలముననే యచ్చట విశ్వవిద్యాలయముల విస్తరణము జరిగెను. 1960 లో రాంచీ, భాగల్పురము లందును, 1961 లో దర్భంగయందును, 1962 లో గయయందును గ్రొత్త విశ్వవిద్యాలయములు వెలసెను. గవర్నరు తన పదవిచేతనే వీనికిఁ గులపతి.

దర్భంగవిద్యాలయమును గుఱించి యొకమాట. మహారాజగు కామేశ్వరసింహుఁడు తన భవనమును దానము చేయఁగా వెలసిన సంస్కృతవిశ్వవిద్యాలయ మది. న్యాయశాస్త్రమునకుఁ బుట్టినిల్లైన మిథిలయందలి యా విద్యాపీఠమునకుఁ దొలి కులపతి యుర్దూ మాతృభాషగాఁ గలిగి, ఖురానును బఠించు ముసల్మాను. గంగేశోపాధ్యాయుని వారసులగు పండితు లొక జామియా యుపాధ్యాయుని యేలుబడిలో విద్యాలయమును బ్రారంభించిరి. మన ప్రాచీనులు పదివేల విద్యార్థులకు నన్నము పెట్టి విద్య గఱపువానిని గులపతి యనిరి. ఆకలిని సహించి యిరువదిరెండేండ్లు విద్యాలయమును బోషించినవాఁ డా పదమున కనర్హుఁడని యెవ్వఁడు చెప్పఁగలఁడు?

ఇచ్చటనే యాయనకుఁ బరీక్ష వచ్చెను. ఉపకులపతులను నియమించుటయందుఁ గులపతికిఁ గల స్వతంత్రాధికారమును దగ్గించు శాసనము రాష్ట్రమున సంకల్పింపఁబడెను. తాను మెల్లనిమాటవాఁడు, మంత్రులతోఁ గలహమునకుఁ బోవువాఁడు గాఁడు. అయినను నట్టి శాసనమునకు సమ్మతించుటకంటెఁ బదవిని విడుచుటయే మేలని నిశ్చయముగాఁ దెలిపెను. ప్రభుత్వమువారు వెనుదీసిరి.

ఇచట నొక పూర్వపక్షము కలదు. రాజ్యాంగము ననుసరించి గవర్నరు మంత్రివర్గపు సలహాను బాటింపవలసినవాఁడు గదా. ప్రజ లెన్నుకొన్న వారి సంకల్పమున కడ్డుపడుట తగునా యని. దీనికి సమాధానము: ఒకే పురుషునియందు రెండు ధర్మము లుండవచ్చును. దేవదత్తుఁ డొక వాక్యమునఁ గర్తయు వేఱొక వాక్యమున సంప్రదానమును గావచ్చును. క్రియను బట్టి కారకము మాఱును. గవర్నరు పదవి రాజ్యాంగమునుండి వచ్చినది. కులపతి పదవి విశ్వవిద్యాలయ శాసనమునుండి వచ్చినది. మొదటిదానియందు నాయన మంత్రుల సలహాను బాటించెను. రెండవదానియందు విద్య పక్షమున నిలిచెను. మఱియు నాయన పట్టినది తన యధికారమును గాదు. అధికారమే ప్రియమైనచోఁ బదవిని విడుతు నని యేల చెప్పును? విడుచుటకు సిద్ధపడినవాని మాటకే బలము కలుగును. 1920 లోఁ గళాశాలను, 1926 లో బెర్లినుపట్టముచే రాఁదగిన జీతమును విడిచినవానికి నిది నాలుకకుఁ గ్రొత్త గాదు.

అయినను నాకొక సందేహము మిగిలియే యున్నది. విశ్వవిద్యాలయముల స్వాతంత్ర్య మొక పురుషుని సౌజన్యముపై నాధారపడుట క్షేమమా? కులపతిస్థానమున నట్టి యాచార్యుఁడు లేనిచో నదే యధికారము హానికరము గాదా? ఇరువదియొకటవ శతాబ్దియందు పలు రాష్ట్రములలో గవర్నరులకును మంత్రివర్గములకును గులపతిత్వమును గుఱించి వివాదములు పెరిగినవి. రెండు పక్షములవారును బీహారునందలి యీ యుదంతమును దమకుఁ బ్రమాణముగాఁ జూపఁగలరు. నా బుద్ధికిఁ దోఁచినంత వఱకు దీని సారము వేఱు. అధికార మెవరి చేత నుండవలయు ననుట కిది నిదర్శనము గాదు. ఎట్టివాని చేత నుండవలయు ననుటకు నిదర్శనము.

ఉత్తరచరిత్రము

1962 మే మాసమున నాయన ఉపరాష్ట్రపతి యయ్యెను. బీహారున నాయన స్థానమునకు వచ్చినవారు తిరుపతి సమీపమున నున్న తిరుచానూరునఁ బుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1963 లో జాకీర్ హుస్సేనునకు భారతరత్న బిరుద మీయఁబడెను. 1967 లో రాష్ట్రపతిపదవికిఁ బోటీ జరిగినపు డాయన కెదురు నిలిచినవారు రాజమహేంద్రవరమునఁ బుట్టిన కోకా సుబ్బారావుగారు, సర్వోన్నతన్యాయస్థానపు ప్రధానన్యాయమూర్తి పదవిని విడిచి వచ్చినవారు. ఓట్ల విలువలు 4,71,244 జాకీర్ హుస్సేనునకును, 3,63,971 సుబ్బారావుగారికిని లెక్కింపఁబడినవి. ముసల్మాను రాష్ట్రపతి యగుట కిదియే ప్రథమము. 1969 మే 3వ తేదీన నాయన పదవియందుండఁగనే మరణించెను. అట్లు మరణించిన రాష్ట్రపతులలో నాయనయే మొదటివాఁడు. ఆ తాత్కాలికభారమును వహించినవారు ఉపరాష్ట్రపతియగు వరాహగిరి వేంకటగిరిగారు.

ఉపసంహారము

ఆయన సమాధి యెచ్చట నున్నదో చెప్పి ముగింతును. ఢిల్లీలో రాజులకును జక్రవర్తులకును సమాధులకుఁ గొఱఁత లేదు. జాకీర్ హుస్సేను భౌతికకాయము మాత్రము జామియా ప్రాంగణముననే, తాను పాఠము చెప్పినచోటనే, నిక్షిప్తమయ్యెను. రాష్ట్రపతిభవనమునుండి బయలుదేఱిన యా శరీరము చేరిన చివరి చోటు బడి. యాస్కుఁడు చెప్పిన మూఁడవ యర్థము, బుద్ధిని గూడఁబెట్టుట, యిచటఁ బూర్తియగు నని తోఁచుచున్నది. నూఱు విషయములు నేర్చుట బుద్ధి కాదు. ఏది ముఖ్యమో, ఏది యనుషంగికమో యెఱుఁగుట బుద్ధి. ఆయనకు విద్య ముఖ్యము, పదవు లనుషంగికములు.

ఇపుడు మా పాఠశాల బాలునకు సరియైన సమాధాన మీయఁగలను. "నాయనా, అయ్యవార్లు గవర్నరు లగుట వింత గాదు. గవర్నరైన పిదపను నయ్యవారుగా నిలుచుట వింత. అది యొక్కరివలన నైనను నైనది. ఆ యొక్కఁడు మన నగరమునఁ బుట్టినవాఁడు." బొల్లారపు నిలయమును జూడఁబోవు నుపాధ్యాయు లా పేరును జదువునపు డొక క్షణము నిలిచి, యీ కథను దమ విద్యార్థులకుఁ జెప్పుదురు గాక యని ప్రార్థించి విరమించుచున్నాను.